పెద్ద సారు మొదటి మాట

చిత్తూరులో నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, స్వెట్టరు వేసుకుని టీ తాగే మనిషిని మీరెప్పుడైనా చూసి ఉంటే ఆ మనిషిని నేనే. కంప్యూటర్లకు చల్లదనం కావాలని జీవో వచ్చింది గాని, వాటి పక్కన కూర్చునే మనిషికి వెచ్చదనం కావాలని ఏ జీవోలోనూ రాలేదు. ఆఫీసు ఎదుట టీ అంగడాయన రోజూ అడిగేవాడు.

"ఏమప్పా, ఊటీ నుంచి ఎప్పుడు దిగినావు?"

"ఇప్పుడే దిగినాను. మళ్ళా ఎక్కాల, టీ బిరీన ఇయ్యి."

ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనపడితే "మీ రోజుల్లో ఎట్లా నెట్టుకొచ్చినారు సార్, ఈ ఫోన్లు కూడా లేకుండా" అని మర్యాదకు అడుగుతుంటారు. మాట్లాడుతుండగానే వాళ్ళ జేబులో ఫోను మూలుగుతూ ఉంటుంది. ఆఫీసు గ్రూపు, డివిజను గ్రూపు, వానల గ్రూపు, వానలు తగ్గాక కూడా రద్దు కాని వానల గ్రూపు. అందరూ అందరికీ అన్నీ చెప్పేస్తుంటారు. మా రోజుల్లో ఉన్నది ఒక్కటే గ్రూపు. అందులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు. దానికి కాపలా కాసిన ఉద్యోగం నాది. దాని గురించే ఈ నాలుగు మాటలు. పేర్లు మాత్రం అడక్కండి. వాళ్ళలో సగం మంది నాకంటే బాగా చదువుతారు, మిగతా సగం మంది నాకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అధికారులు ఒకరికొకరు కాగితాలు పంపుకుంటూ కాలం గడుపుతున్నారనీ, ఇకమీదట కంప్యూటర్లో అందరూ ఒక్కచోట కూర్చున్నట్టు సమాచారం పంచుకోవాలనీ రాజధానిలో పెద్దలకు తోచింది. దానికి 'సమాచార వేదిక' అని పేరు పెట్టారు. జిల్లా ఆఫీసుకీ, డివిజను ఆఫీసులకీ, ప్రయోగానికని కొన్ని మండలాలకీ మేడమీద గొడుగు తిరగేసినట్టుండే యాంటెనాలు బిగించారు. నాకు తెలుగూ ఇంగ్లీషూ రెండు టైపులూ వచ్చు. అందుచేత నన్ను పాత రికార్డు గదిలో కూర్చోబెట్టి, గదికి ఏసీ పెట్టి, తలుపు మీద 'చెప్పులు బయట విడువవలెను' అని రాశారు. ఆయుధపూజకు మానిటరుకు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టారు. వేదిక తెర మీద నా పేరు ఉండదు. 'అడ్మినిస్ట్రేటర్' అని ఉంటుంది. ఆ ఒక్క గదిలో నేను అడ్మినిస్ట్రేటరుని. గది దాటితే సీనియర్ అసిస్టెంటుని.

పాస్‌వర్డులు అధికారులకు ఇచ్చారు. అధికారులు నాకిచ్చారు. సంతకం అయితే సారే పెట్టాలి గాని మీటలు ఎవరు నొక్కితే ఏమని మా వాళ్ళ లెక్క. జిల్లా ఆఫీసు పెద్దలందరి పాస్‌వర్డులూ నా సొరుగులో ఒక కవరులో ఉండేవి. అందరికంటే పైన పెద్ద సారుది. పెద్ద సారు అంటే జిల్లాకంతటికీ పెద్ద.

ప్రారంభోత్సవం రోజున పెద్ద సారు అన్నారు: "ఇక్కడ హోదాలు లేవు. మీరంతా స్వేచ్ఛగా రాయండి. నేను చూస్తుంటాను."

అంతే, వేదిక మూగబోయింది. మా ఆఫీసులో మాట్లాడటానికి ఒక వరస ఉండేది. మీటింగులో పెద్ద సారు నోరు విప్పాక రెండో సారు, ఆయన తర్వాత మూడో సారు. ఫొటోలో నిలబడటానికీ, టిఫిను ప్లేటు అందుకోవడానికీ కూడా అదే వరస. పైవాళ్ళు రాయకముందు కిందివాళ్ళు రాస్తే పొగరు అనుకుంటారని కిందివాళ్ళ భయం. తాను ముందు రాస్తే ఏం రాయాలో కిందివాళ్ళకు తెలిసిపోతుందని పెద్ద సారు మౌనం. వాళ్ళ స్వేచ్ఛ కోసం ఆయన, ఆయన ఆజ్ఞ కోసం వాళ్ళు. నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం నేను రాజధానికి 'ఈనాటి సందేశములు: లేవు' అని ఒక సందేశం పంపేవాడిని. మా సూపరింటెండెంటు తలుపు సందులోంచి తల పెట్టి పలకరించేవాడు.

"ఏమప్పా, మీ వేదిక మింద నాటకం ఎప్పుడు మొదలయ్యేది?"

"వేషాలు ఏసుకుంటా ఉండారు సార్."

"పరదా అన్నా ఎత్తప్పా!"

ఆయన నవ్వుకుంటూ పోయేవాడు. చెప్పులు విడవాలి గనక ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. నా కుటుంబం తిరుపతిలో. నా భార్య అక్కడ బడిలో టీచరు. శనివారం సాయంత్రం ప్యాసింజరు ఎక్కి, పాకాలలో అది ఎందుకు ఆగిందో దానికే తెలియనట్టు నిలబడితే ఓపిగ్గా కూర్చుని, ఇల్లు చేరేవాడిని. సోమవారం నుంచి మళ్ళీ అద్దె గది, ఏసీ గది. వారం మొత్తం మీద నాతో ఎక్కువగా మాట్లాడేది టీ అంగడాయన. అదీ ఊటీ గురించి.

అట్లాంటి ఒక పొద్దున తెర మీద ఒక వాక్యం కనిపించింది. తెలుగు అక్షరాలు పంపితే అవతల గళ్ళు గళ్ళుగా కనపడేవి గనక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు.

"ఎవరన్నా ఉండారా?"

తూర్పున, శ్రీహరికోట వైపు, తమిళ పల్లెలకు ఆనుకుని ఉన్న ఒక మండలం. రాసింది అక్కడి మండలాధికారి. వేదికలో అందరికంటే కిందివాడు. నేను కొంచెంసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాశాను: "ఉన్నాను."

"అబ్బా, మనిషే! గోడతో మాట్లాడతా ఉండానేమో అనుకున్నా. రాకెట్టు పోయింది ఇందాక. ఆఫీసు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఎవరికన్నా చెప్పాలనిపించింది."

ఆ మరునాడు మళ్ళీ, "ఉండారా?" నేను, "ఉన్నాను." అట్లా ఒక అలవాటు మొదలైంది. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. పిల్లలు దూరాన ఉన్నారు, భార్య పోయింది. ఎవరినో ఎదిరించి మాట్లాడినందుకు ఆ మూలకు వేశారు. సాయంత్రం ఐదయితే ఆఫీసులో ఆయనా, వాచ్‌మనూ, ఒక కోతీ మిగులుతారట. కోతి కూడా ఆదివారం రాదట. నేనెవరో ఒకసారి అడిగాడు. "ఈ వేదికకి కాపలా" అని రాశాను. మళ్ళీ అడగలేదు. ఆయన పేరు, హోదా నాకు తెర మీద కనపడేవి. ఆయనకు నా గురించి కనపడేది ఒక్క 'అడ్మినిస్ట్రేటర్' మాత్రమే.

ఒకరోజు రాశాడు: "మీ పెద్ద సారు ఇంకా నోరు తెరవలేదా? ముత్యాలు రాలిపోతాయని భయమా?"

"ముత్యాలు కాదు సార్, మంచు. ఇక్కడ ఏసీ ఎక్కువ."

ఈ సంగతి రెండో సారు చెవిన పడింది. సూపరింటెండెంటు వచ్చి, చెప్పులు విడిచి మరీ లోపలికి అడుగుపెట్టాడు. అప్పుడే తెలిసింది విషయం పెద్దదని.

"పెద్ద సారు ఇంకా ఒక్క మాట రాయలేదు, ఆ మూల మండలమాయన రోజూ గుడ్ మార్నింగులు చెప్తా ఉండాడంట. తుడిచెయ్యప్పా. చర్య తీసుకోమని ఆయన మీద కాయితం పెడతారు, నీ మీద కూడా పెడతారు."

అప్పటినుంచి పొద్దున మాట్లాడుకున్నది సాయంత్రానికి చెరిపేసేవాడిని. ఆయన అడిగాడు: "నిన్న మాట్లాడుకున్నది యాడికి పోయింది?" "సాయంత్రం ఊడ్చేస్తారు సార్." "మంచిదిలే, పొద్దున్నే కళ్ళాపి చల్లినట్టు కొత్తగా ఉంటాది."

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. తూర్పు మండలాల్లో వాన విడవకుండా కురిసింది. స్తంభాలు కూలి ఆ వైపు టెలిఫోన్లు మూగబోయాయి. ఆ రోజు పొద్దున 'ఉండారా' రాలేదు. నేనే ఆ తెరను పదేపదే చూస్తూ కూర్చున్నాను. అదే రోజు మధ్యాహ్నం పక్క హాల్లో రాజధానితో వీడియో సమావేశం. ఆన్‌లైనులో సమాచారం పంచుకోవడంలో మా జిల్లా ప్రగతి మీద పెద్ద సారు మాట్లాడాలి. జిల్లా ఆఫీసు అధికారులందరూ ఇస్త్రీ చొక్కాలతో లోపల ఉన్నారు. తలుపు వేసేశారు.

సమావేశం మొదలైన కాసేపటికి నా తెర మీద సందేశం వచ్చింది.

"చెరువు కట్టకు బుంగ పడింది. నీళ్ళు బుగబుగా వస్తా ఉండాయి. గండి పడితే దిగువ పల్లె ఉండదు. దావలో మోకాటి లోతు నీళ్ళు, ముసలోళ్ళు, పిల్లోళ్ళు నడవలేరు. బస్సులు కావాల, ఇసుక మూటలు కావాల. ఫోను లేదు. జనరేటరులో డీజిలు ఉన్నంతసేపే ఈ కంప్యూటరు. ఉండారా?"

"ఉన్నాను. చెప్తున్నాను" అని కొట్టి, చెప్పులు కూడా మరిచి హాలు దగ్గరికి పరుగెత్తాను. తలుపు ముందు పెద్ద సారు దఫేదారు, ఛాతీ మీద డవాలు బిళ్ళ సర్దుకుంటూ కాపలాగా నిలబడి ఉన్నాడు.

"లోపలికి పోవాల అన్నా. చెరువు తెగేటట్టుండాది."

"రాజధానిలో పెద్దోళ్ళు తెర మింద ఉండారు. నువ్వు అడ్డం పోతే నువ్వు కూడా ఆడ కనపడతావు. అదీ ఈ స్వెట్టరుతో! నా ఉద్యోగం పోతాదప్పా."

చీటీ రాసిచ్చాను. సమావేశం అయ్యాక ఇస్తానని జేబులో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఎవరినీ లోపలికి వదలనని పెద్ద సారుకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాడు. మళ్ళీ గదిలోకి వచ్చి తిరుపతి డివిజను ఆఫీసుకు ఫోను చేశాను. బస్సులైనా మూటలైనా అక్కడినుంచే కదలాలి. గుమాస్తా ఎత్తాడు.

"ఎవురు మాట్లాడేది?"

"జిల్లా ఆఫీసు, కంప్యూటరు గది."

"కంప్యూటరు గది చెప్తే బస్సు కదల్తాదా అప్పా? మా సారు ఈడే ఉండాడు. పెద్ద సారు చెప్పినాడా?"

"ఆయన సమావేశంలో ఉన్నారు."

"అయితే బయటికి రానియ్యి. ఆయన మాట లేకుండా మా సారు ఎట్ల అడుగుతాడు?"

నీటిపారుదల ఆఫీసు వాళ్ళు ఇంకొంచెం మర్యాదగా అదే మాట చెప్పారు. ఫోను పెట్టేశాను. ఏసీ గుర్రుమంటూ ఉంది. తెర మీద రెండోసారి వచ్చింది: "ఉండారా?"

సొరుగు లాగి కవరు తీశాను. ధైర్యం అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు గాని స్వెట్టరు చేతులు మాత్రం మోచేతుల దాకా పైకి లాక్కున్నాను. పెద్ద సారు పాస్‌వర్డు కొట్టి లోపలికి పోయాను. పెద్ద సారు ఎప్పుడూ రెండు ముక్కల్లోనే మాట్లాడతారు, దయచేసి అనరు. నేనూ అనలేదు. మండలం పేరు, పల్లె పేరు రాసి, "కట్టకు ప్రమాదం. బస్సులు, ఇసుక మూటలు వెంటనే పంపండి. పంపినట్టు ఇక్కడే రాయండి" అని కొట్టి, పెద్ద సారు పేరు మీద వేదికలో పెట్టాను.

ఇన్ని నెలలు అందరూ ఎదురుచూసిన మాట అది. పెద్ద సారు నోరు విప్పారు. ఇక మిగిలినవాళ్ళు ఆగుతారా! టీ చల్లారేలోపు డివిజను ఆఫీసు: "ఆజ్ఞ సార్. డిపోకు చెప్పాము సార్." నీటిపారుదల: "ఇంజనీరు బయలుదేరారు సార్." పక్క మండలం: "మా దగ్గర ఖాళీ సంచులున్నవి సార్, ట్రాక్టరులో పంపుతున్నాము సార్." ఎక్కడో పడమటి మూల, ఈ చెరువుతో ఏ సంబంధమూ లేని ఒక మండలం: "మీ తొలి సందేశమునకు హృదయపూర్వక అభినందనలు సార్." ఏ వరస ఇన్నాళ్ళూ నోళ్ళు కట్టేసిందో అదే వరస ఇప్పుడు కాళ్ళకు చక్రాలు కట్టింది. వెనకబడినవాడు కనపడతాడని భయం. తెర గబగబా పైకి పోతోంది, నేను చదవలేకపోతున్నాను.

ఆ గోలలో ఒక చిన్న వాక్యం: "డీజిలు అయిపోతా ఉండాది. ఉండారా?"

చేతికి అలవాటైన మాట చెయ్యి కొట్టేసింది. "ఉన్నాను. బస్సులు వస్తున్నాయి. భయపడకండి సార్."

అది పెద్ద సారు పేరు మీద పోయింది. బయటికి వచ్చి నా పేరుతో మళ్ళీ లోపలికి పోవాలన్న సంగతే మరిచాను. పెద్ద సారు ఒక మండలాధికారిని 'సార్' అన్నది మా జిల్లా చరిత్రలో అదే మొదలూ ఆఖరూ. అవతలినుంచి మరి మాట రాలేదు.

సమావేశం ముగిసింది. దఫేదారు చీటీ ఇచ్చాడు. పెద్ద సారు నేరుగా నా గదికే వచ్చారు. చెప్పులు కాదు, బూట్లు. విడవలేదు. నేను లేచి నిలబడి తెర చూపించాను. పైనుంచి కిందిదాకా తీరిగ్గా చదివారు. 'భయపడకండి సార్' దగ్గర కొంచెం ఆగారు.

"బస్సులు చేరాయా?"

"పల్లెలో జనాన్ని ఎక్కిస్తున్నారంట సార్. ఇప్పుడే డివిజను వాళ్ళు రాశారు."

"ఇది ఎవరు రాశారు?"

నేను కవరు ఆయన ముందు పెట్టాను. ఆయన కిటికీ వైపు చూశారు. ఆ గదికి కిటికీ లేదు, ఏసీ కోసం మూసేశారు. అయినా అటే చూశారు.

"నేను రాశాను. అర్థమైందా? బస్సులు నా మాట మీద కదిలాయి. రేపు ఎవడైనా అది నా మాట కాదన్నాడంటే, పంపినవాళ్ళందరి మెడకూ చుట్టుకుంటుంది. నీ మెడ సంగతి సరేసరి. ఎవరితోనూ అనకు. ఇంట్లో కూడా."

"సరే సార్."

"నా పాస్‌వర్డు మార్చాలి. ఎక్కడ నొక్కాలి?"

చూపించి, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. మరునాడు ఆయనే పిలిచి అది మరిచిపోయానన్నారు, అది వేరే కథ.

పొద్దుగూకే వేళకు గండి పడింది. దిగువ పల్లెలో ఇళ్ళు చాలా పోయాయి, గొడ్లు పోయాయి. మనుషులు మాత్రం ఎగువ ఊరి బడిలో ఉన్నారు. ఆ శనివారం ప్యాసింజరు కిటికీలోంచి చూస్తే దారిపొడుగునా చెరువులన్నీ నిండుగా కట్టల్ని ఒరుసుకుంటూ ఉన్నాయి. చూడముచ్చటగా ఉండే దృశ్యమే. నాకు మాత్రం ప్రతి కట్టా ఎవరినో పిలుస్తున్నట్టు అనిపించింది. ఇంట్లో నా భార్య "ఏమి విశేషాలు?" అని అడిగింది. "వాన" అన్నాను.

సోమవారం పొద్దున్నే కూర్చుని తెర చూశాను. ఆయన జనరేటరుకు డీజిలు వచ్చినట్టుంది, సందేశం ఉంది. "గౌరవనీయులైన సార్ గారికి నమస్కారములు. పునరావాస నివేదిక సమర్పించుచున్నాను." అదొక్కటే. అడ్మినిస్ట్రేటరు పేరు మీద మొదటిసారి నేనే అడిగాను: "ఉన్నారా?"

జవాబు వెంటనే వచ్చింది. "యస్ సార్. ప్రెజెంట్ సార్."

అప్పుడు తెలిసింది నాకు. ఆ 'ఉన్నాను' పెద్ద సారు పేరు మీద చూసి, అన్నాళ్ళూ తనతో మాట్లాడింది ఆయనే అనుకున్నాడు. తప్పేముంది? జిల్లాకు అడ్మినిస్ట్రేటర్ అంటే పెద్ద సారు కాక ఇంకెవరు? 'నేను గుమాస్తాని సార్, ఆయన కాదు' అని ఒక్క వాక్యం కొడితే పోయేది. కానీ ఆ వాక్యం వెనకనే బస్సులు ఎవరి మాట మీద కదిలాయన్న ప్రశ్న వస్తుంది. పెద్ద సారుకు మాటిచ్చాను. మీటల మీద పెట్టిన వేళ్ళు తీసేశాను.

ఆ తర్వాత వేదిక కళకళలాడింది. పెద్ద సారు రోజూ రాశారు, ఆయన వెనక అందరూ రాశారు. పక్క జిల్లాల వాళ్ళు వచ్చి చూసిపోయారు. సూపరింటెండెంటు "నాటకం హౌస్‌ఫుల్ అప్పా!" అన్నాడు. అవును, హౌస్‌ఫుల్. ఒక్కరు కూడా నాతో మాట్లాడేవారు లేరు. తూర్పు మూల నుంచి రోజుకొక నివేదిక వచ్చేది. రాకెట్టు పోతే అద్దాలు గలగలమన్నాయో లేదో అందులో ఉండేది కాదు. రిటైరయ్యేదాకా ఆయన మళ్ళీ 'ఉండారా' అనలేదు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

నేనూ రిటైరయ్యాను. పింఛనుదారులు ఏటా నవంబరులో ట్రెజరీకి పోయి బతికే ఉన్నామని సంతకం చేయాలి. కొన్నేళ్ళ కిందట తిరుపతి ట్రెజరీ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే, నా పక్కన ఊతకర్ర పెద్దాయన వానను చూస్తూ మాట కలిపాడు.

"ఇట్లాంటి వానలోనే అప్పా, మా మండలంలో చెరువు తెగింది. శ్రీహరికోట పక్కన. రాకెట్టు పోతే మా ఆఫీసు అద్దాలు గలగలమనేవి."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని పక్కన పెట్టాను.

"ఆ కాలంలో ఒక పెద్ద సారు ఉండె. రోజూ పొద్దున్నే కంప్యూటర్లో నాతో మాట్లాడతా ఉండె, తెలుసునా? 'ఉండారా' అంటే 'ఉన్నాను' అనేవాడు. నేను ఆయన్నే, ఆయన దగ్గరే ఎగతాళి చేసినా. ముత్యాలు రాలతాయా అని! ఒక్క మాట అనలేదు. నా మింద ఎవురూ కాయితం పెట్టకుండా సాయంత్రానికి అంతా తుడిచేసేవాడు. ఆయనని తెలిసినాక నాకు నోరు రాలేదప్పా. ఎట్ల మాట్లాడేది అంత పెద్ద మనిషితో? అడిగినాడు కూడా ఒకసారి, 'ఉన్నారా' అని. భయపడిపోయినా."

"ఏమన్నారు మీరు?"

"ప్రెజెంట్ సార్ అన్నా." నవ్వాడు. ఊతకర్రను ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నా పెండ్లాం పోయిన సంవత్సరం అది. ఆ ఒక్క మాట కోసం ఆఫీసుకు పొయ్యేవాణ్ణి. అంత పెద్దాయనకు నేను గుర్తున్నా సూడు."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పెద్ద సారు కూడా ఎప్పుడో రిటైరయ్యారు. మాట ఇచ్చి చాలా ఏళ్ళయింది. అయితే నేను చెప్పేది ఏమిటి? నీతో మాట్లాడింది జిల్లా పెద్ద కాదు, స్వెట్టరు వేసుకున్న గుమాస్తా అనా? ఆయన దగ్గర మిగిలిందే ఆ ఒక్క పెద్ద మనిషి.

"మంచి సారు" అన్నాను.

"మంచి సారు" అన్నాడు ఆయన.

లోపలినుంచి ట్రెజరీ గుమాస్తా ఆయన్ని పిలిచాడు. ఆయన పోయి సంతకం పెట్టి, కర్ర పొడుచుకుంటూ బయటికి వస్తుండగా గుమాస్తా నా పేరు పిలిచాడు. కొత్త కుర్రాడు, తల ఎత్తకుండానే, "ఉండారా?" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా.

పెద్దాయన గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"ఉండారులే అప్పా, అందురూ ఉండారు" అన్నాడు. "ఉండబట్టే గదా ఈడికొచ్చినాం." గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయాడు.